కాలనీలో ఫుట్‌పాత్‌ల గురించి చర్చ మొదలుపెట్టాలంటే ఎలాంటి లఘుచిత్రం చూపించాలి?

ప్రశ్న: అందరికీ నమస్కారం. హైదరాబాద్‌లోని మా కాలనీ సంక్షేమ సంఘం సమావేశంలో, నడకకు అనువైన యూరప్ నగరాల మీద తీసిన ఒక లఘుచిత్రాన్ని ప్రదర్శించాము. అందరూ మెచ్చుకున్నారు గానీ, "అవన్నీ అక్కడ కుదురుతాయండీ" అన్న ఒక్క మాటతో చర్చ ముగిసిపోయింది. వచ్చే నెల మళ్లీ సమావేశం ఉంది. ఈసారి ఏ చిత్రం ఎంచుకోమంటారు?

సమాధానం: నమస్కారమండీ. మా కాలనీలోనూ మొదట ఇలాగే జరిగింది. ఆ తరువాత మేము బయటి చిత్రాలు పక్కనపెట్టి, మా వీధిలోని ఒక పెద్దావిడ అనుమతి తీసుకుని, ఆవిడ ఇంటి నుంచి బస్‌స్టాప్ వరకు నడిచే నడకను వెనకాల నడుస్తూ ఫోన్‌తో చిత్రీకరించాము. నిడివి నాలుగు నిమిషాలు. సంగీతం గానీ, వ్యాఖ్యానం గానీ పెట్టలేదు, ఎందుకంటే ట్రాన్స్‌ఫార్మర్ దిమ్మె అడ్డం వచ్చి ఆవిడ రోడ్డు మీదకు దిగినప్పుడు వెనుక నుంచి వినిపించే హారన్ కంటే బలమైన వ్యాఖ్యానం ఎవరూ రాయలేరు.

ఒక్క దృశ్యం మాత్రం తప్పక చేర్చండి. ఫుట్‌పాత్ గట్టు పక్కన టేపు పెట్టి కొలత చూపించండి. మన దేశంలో రహదారుల ప్రమాణాలు రూపొందించే ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ మార్గదర్శకాల ప్రకారం గట్టు ఎత్తు 150 మిల్లీమీటర్లు మించకూడదు, నడవడానికి అడ్డంకులు లేని వెడల్పు కనీసం 1.8 మీటర్లు ఉండాలి. మా గట్టు దాదాపు మోకాలి ఎత్తు ఉందని తెరమీద చూశాకనే, ఫుట్‌పాత్ ఉన్నా పెద్దవాళ్లు దాన్ని ఎందుకు ఎక్కరో చాలామందికి అర్థమైంది.

చిత్రం అయిపోగానే "ఫుట్‌పాత్ కావాలా" అని అడగకండి, దానికి అందరూ అవుననే అంటారు. "ఆవిడ ఎన్నిసార్లు రోడ్డు మీదకు దిగారు, ఎక్కడెక్కడ?" అని అడిగి, గోడకు అంటించిన కాలనీ పటం మీద వాళ్లచేతనే గుర్తులు పెట్టించండి.

ప్రశ్న: ధన్యవాదాలండీ. అయితే మా దగ్గర చర్చ మొదలైతే, తోపుడు బండ్లను తీసేయించాలనే దగ్గరకే వెళుతుంది. అప్పుడేం చేయాలి?

సమాధానం: ఇది నిజంగా జాగ్రత్తపడవలసిన విషయం. బండ్లవాళ్లను దోషులుగా చూపే చిత్రం అన్యాయం, పైగా చర్చను అక్కడే చంపేస్తుంది. 2014 నాటి వీధి వ్యాపారుల చట్టం ప్రకారం, వ్యాపారుల సర్వే పూర్తయి, అమ్ముకోవడానికి ధ్రువపత్రాలు ఇచ్చేవరకు వాళ్లను తొలగించకూడదు. కాబట్టి వాళ్లను కూడా సమావేశానికి పిలవండి, ఏ చోట బండి పెడితే నడిచేవారికి దారి మిగులుతుందో వాళ్లనే అడగండి. నిలిపి ఉంచిన కార్లు ఎంత స్థలం తీసుకుంటున్నాయో అదే టేపుతో కొలిచి చూపిస్తే మాట సమతూకానికి వస్తుంది. 1970లలో న్యూయార్క్‌లో నగర జీవన పరిశీలకుడు విలియం వైట్ చేసిన పని కూడా ఇలాంటిదే: బహిరంగ స్థలాల్లో జనం ఎక్కడ కూర్చుంటున్నారో, ఎటు నడుస్తున్నారో కెమెరాతో ఓపికగా గమనించి, ఆ తరువాతే సూచనలు చేశారు.

"మన దగ్గర కుదరదు" అనేవారి కోసం, 2019లో విశాలమైన నడకదారులతో తీర్చిదిద్దిన చెన్నై పాండీ బజార్ దృశ్యాలను రెండో సమావేశానికి ఉంచుకోండి. మొదటి సమావేశంలో పటం మీద పెట్టిన గుర్తులను ఫొటో తీసి, చిత్రంతోపాటు వార్డు కార్యాలయానికి వినతిపత్రంగా ఇవ్వండి. గట్టు సరిచేశాక అదే పెద్దావిడతో అదే నడకను మళ్లీ తీయండి.