పాముల భాష నవల రాసిన ఎస్టోనియా రచయిత గురించి ఎవరికైనా తెలుసా?

మెట్రోచదువరి:
ఒక ఫ్రెండ్ "ఫాంటసీ, టైంపాస్‌కి బావుంటుంది" అని చేతిలో పెడితే మొదలుపెట్టాను. ఇంగ్లీషులో పేరు ద మేన్ హూ స్పోక్ స్నేకిష్, రాసినాయన ఆంద్రుస్ కివిర్యాహ్క్ (ఇలాగే పలకాలా?). ఎస్టోనియా అడవిలో లేమెత్ అని ఒక కుర్రాడు, వాడికి మేనమామ పాముల భాష నేర్పిస్తాడు. ఆ భాషలో బుస కొడితే దుప్పి తనంతట తానే వచ్చి మెడ చాస్తుంది, వేటతో పనే లేదు. అయితే జనమంతా అడవి వదిలి ఊళ్ళోకి పోతున్నారు, అక్కడ పొలం దున్నుకుని రొట్టె తింటూ, కవచాలు తొడుక్కుని వచ్చిన ఇనప మనుషుల్ని చూసి నోరెళ్ళబెడుతూ ఆ భాష మర్చిపోతున్నారు. చివరికి ఆ భాష వచ్చినవాడు లేమెత్ ఒక్కడే మిగులుతాడు.

మొదటి వంద పేజీలు నవ్వుతూనే చదివాను, ఆడపిల్లల్ని వల్లో వేసుకునే ఎలుగుబంట్లు, పేలు పెంచుకునే ఆదిమానవుల జంట, అంతా గమ్మత్తు. తర్వాత ఒకటే రక్తం. పుస్తకం మూసేసరికి రాత్రి రెండయింది, పక్క గదిలో మా అమ్మాయి నిద్రలో ఇంగ్లీషులో ఏదో గొణుగుతోంది, నాకు ఏడుపొచ్చేసింది. అసలు ఎవరీయన, ఇదే రాస్తాడా ఇంకేమన్నా రాస్తాడా? ఇది భాష చచ్చిపోతోందని బాధపడి రాసిన పుస్తకమేనా, నేనే ఎక్కువ ఊహించుకుంటున్నానా?

తాటిముంజె:
మీరేం ఎక్కువ ఊహించుకోలేదు. ఎస్టోనియా జనాభా 13 లక్షల పైచిలుకు, మన ఒక్క జిల్లాలో అంతకంటే ఎక్కువ మంది ఉంటారు. అందులో రష్యన్ మాతృభాషగా ఉన్నవాళ్ళని తీసేస్తే ఎస్టోనియన్‌కి మిగిలేది ఇంకా తక్కువ. అలాంటి చోట కూర్చుని ఆఖరి మనిషి కథ రాస్తున్నవాడికి ఆ భయం లేకుండా ఎలా ఉంటుంది? ఇంకో సంగతి, మీరు చదివిన ఇంగ్లీషు అనువాదం (2015) చేసిన క్రిస్టఫర్ మోస్లీ ఎవరో చూశారా? యునెస్కో వేసిన ప్రమాదంలో ఉన్న భాషల అట్లాస్‌కి సంపాదకుడు ఆయనే. అంటే ఆఖరి మనుషుల సంగతి ఆయనకి వృత్తిరీత్యా తెలుసన్నమాట. మా వాడు బస్సు మీద తెలుగు బోర్డు చదవలేక నన్నడుగుతాడు, నేను మాత్రం ఈ పుస్తకాన్ని ఇంకోలా చదవలేను.

చింతబరిక:
తాటిముంజె గారూ, కోపం తెచ్చుకోకండి గానీ మీరు సగం పుస్తకమే చదివినట్టున్నారు. ఊరివాళ్ళని వెక్కిరించినంతా అడవివాళ్ళనీ వెక్కిరించాడు కదా! ఉల్గాస్ అనే పూజారిని మర్చిపోయారా? పాత ఆచారం, వనదేవతలు అంటూ లేనిపోనివన్నీ కల్పించి, ఆఖరికి పసిపిల్లలా తిరిగే హీయె అనే అమ్మాయిని బలివ్వడానికి తయారవుతాడు, దానికి ఆ పిల్ల కన్నతండ్రే తందాన అంటాడు. లేమెత్‌కి వీళ్ళతోనూ పడదు, ఊళ్ళో ఆ ఇనప మనుషుల మెప్పుకోసం పాకులాడేవాళ్ళతోనూ పడదు. "పాతదంతా బంగారం" అనేవాళ్ళకి ఈ నవలలో పడ్డన్ని అక్షింతలు ఎవరికీ పడలేదు.

ఎందుకంటే ఈయన అసలు పని వెక్కిరింపే. పుట్టింది 1970లో, ఎస్టోనియా రాజధాని తల్లిన్‌లో, తార్తు యూనివర్సిటీలో జర్నలిజం చదివి పేపర్లో పనిచేశాడు. మొదట పేరు తెచ్చింది ఇవాన్ ఒరావ్ అని ఒక ముసలాయన జ్ఞాపకాలు, 1995లో పుస్తకంగా వచ్చాయి. రచయితకి అప్పటికి పాతికేళ్ళు, రాసింది తాతగారి గొంతుతో. ఆ తాత లెక్కలో 1940కి ముందు ఎస్టోనియా స్వర్గం, సోవియట్లు రాగానే నరకం, మధ్యలో ఇంకేం లేదు. దేశం మళ్ళీ స్వతంత్రమై నాలుగేళ్ళే అయింది, జనమంతా నిజంగానే అలా మాట్లాడుకుంటున్న రోజుల్లో ఇది రాయడానికి గుండె ఉండాలి. తర్వాత 2002లో "ఎస్టోనియన్ అంత్యక్రియలు" అని నాటకం, మాది కష్టజీవుల జాతి, మేం పడ్డన్ని బాధలు ఎవరూ పడలేదు అని చెప్పుకునే అలవాటు మీద. మన దగ్గర ఎవరన్నా ఇలా రాస్తే మర్నాడు టీవీలో డిబేట్ పెడతారు.

ఇంత చెప్పి, చివరి యాభై పేజీలు చదివినప్పుడు నాకూ గొంతు పట్టేసింది, అది వేరే విషయం.

తల్లిన్‌లో_మామిడి:
ఆరేళ్ళుగా ఇక్కడే ఉంటున్నాను, నా ఎస్టోనియన్ అంతంత మాత్రమే, అయినా ఈయన పేరు వినకుండా ఒక్క నెల గడవదు. పేరు మీరు రాసినట్టే, మొదటి అక్షరం మీద ఒత్తి పలకండి. కివి అంటే రాయి.

పైన ఎవరూ రొట్టె సంగతి పట్టించుకోలేదు, నాకు ఆ పుస్తకమంతా రొట్టెలోనే ఉందనిపిస్తుంది. ఇక్కడ రై అనే ధాన్యంతో చేసే నల్లటి రొట్టె ఉంటుంది, లేయ్బ్ అంటారు, కొంచెం పుల్లగా, ఇటుకలా బరువుగా. మా ఆఫీసు క్యాంటీన్లో ప్లేటు పట్టుకుని కూర్చోగానే ఎదురుగా ఉన్నవాళ్ళు "యాత్కు లేయ్బా" అంటారు, నీకు రొట్టెకి కొదవ లేకుండా ఉండాలి అని. మనం అన్నం పరబ్రహ్మ స్వరూపం అనుకుంటామే, అలాంటిదే. ఇప్పుడు నవల గుర్తు తెచ్చుకోండి, లేమెత్ వాళ్ళమ్మ దృష్టిలో రొట్టె అంటే దుప్పిని పిలవడం చేతకాని దరిద్రులు నమిలే చెత్త, ఆవిడ పొద్దస్తమానం మాంసం కాల్చి పెడుతూనే ఉంటుంది. తెలుగువాడెవడైనా "అన్నం తినడం మొదలుపెట్టాకే మన బతుకు పాడైంది" అని నాలుగొందల పేజీలు రాస్తే, దాన్ని మన జనమే ఎగబడి కొనుక్కుని చదివితే ఎలా ఉంటుందో, ఇది అలాంటిది.

పిల్లలకైతే ఈయన ఇంకో మనిషి. లొత్తె అని ఒక కుక్కపిల్ల, దాని ఊళ్ళో అందరూ ఏదో ఒకటి కనిపెడుతూ ఉంటారు. 2006లో యానిమేషన్ సినిమా వచ్చింది, స్క్రిప్టు ఈయన ఇంకో ఇద్దరితో కలిసి రాశాడు. పార్ను అనే పట్నం దగ్గర లొత్తె పేరుతో పార్కే కట్టారు, మా వాడిని తీసుకెళ్తే సాయంత్రం బయటికి లాక్కురావడానికి నా ప్రాణం పోయింది. 2009లో వచ్చిన ఒక కథల పుస్తకం పేరు "కకా యా కెవద్", అంటే "పెంట, వసంతం". అవును, పెంటే. కుక్క రోడ్డు మీద వదిలేసిన పెంటకి పెళ్ళి చేసుకోవాలనిపించి ఒక పసుపు గడ్డిపువ్వుని ప్రేమిస్తుంది. మా వాడికి ఎస్టోనియన్ వచ్చింది సగం ఈ పుస్తకం పుణ్యమే.

చింతబరిక:
హహ్హా, పెంట సంగతి నాకు తెలీదు. "మీ రచయిత ఏం రాస్తాడు" అని ఎవరన్నా అడిగితే ఏం చెప్తారండీ అక్కడ.

ఉప్పుచేప:
తర్వాత ఏం చదవాలి అని అడిగేవాళ్ళకి, దొరికితే ఈయనదే ఇంకో నవల, రెహెపాప్ (2000). దొరక్కపోతే దాని సినిమా చూడండి, నవంబర్ అని, 2017, రైనర్ సర్నెత్ తీశాడు. మొత్తం బ్లాక్ అండ్ వైట్, న్యూయార్క్‌లో జరిగే ట్రైబెకా చిత్రోత్సవంలో ఛాయాగ్రహణానికి అవార్డొచ్చింది, ఆ ఏడాది ఎస్టోనియా ఆస్కార్‌కి పంపింది కూడా ఇదే. నవలలో నవంబర్ ఒకటి నుంచి ముప్పై దాకా రోజుకో అధ్యాయం.

అందులో క్రాత్ అని ఉంటుంది. పాత చీపురు, విరిగిన పనిముట్లు, ఏది దొరికితే అది కట్టి బొమ్మ చేసి, నాలుగు రోడ్ల కూడలికి పోయి సైతానుకి మూడు చుక్కల రక్తం ఇస్తే దానికి ప్రాణం వస్తుంది, ఇక పక్కింటి సొమ్ము దొంగిలించి తెచ్చిపెడుతుంది. పని చెప్పకపోతే యజమాని మీదే పడుతుంది. చిన్నప్పుడు మా నాయనమ్మ చెప్పిన భూతం కథే, పని లేకపోతే మింగేస్తానంటే స్తంభం ఎక్కి దిగుతూ ఉండమన్నది. వాళ్ళ జానపదంలో దాన్ని వదిలించుకోవడానికి రొట్టెతో నిచ్చెన చెయ్యమంటారు, చెయ్యలేక మండిపోతుంది. (ఇక్కడా రొట్టే!)

కానీ ఈయన కలిపిన కారం ఎక్కడంటే, ఆ ఊరి రైతులు సైతానుకి రక్తం కూడా ఇవ్వరు. మూడు నల్ల కరంట్ పళ్ళు (మన కరెంటు కాదు, రేగుపండు కంటే చిన్నవి) చిదిపి ఆ రసంతో మోసం చేస్తారు. సైతాన్నే బురిడీ కొట్టించే జనం, అంతా కలిపి మిగుల్చుకునేది ఏమీ ఉండదు, దొంగిలించిందాన్ని ఇంకొకడు దొంగిలిస్తాడు. ఫ్రెంచ్ అనువాదానికి పేరే ఆ పళ్ళ మీద పెట్టారు. మహమ్మారి వచ్చినప్పుడు ప్యాంట్లు నెత్తికి తొడుక్కుని పడుకుంటారు, రెండు వైపులా పిర్రలే కనిపిస్తే అది అయోమయపడి పోతుందని.

తాటిముంజె:
చింతబరిక గారూ, ఉల్గాస్ గురించి మీరన్నది ఒప్పుకుంటాను, బలి సీను కావాలనే మర్చిపోయానేమో. అయినా మేనమామ నేర్పించే పేజీలు మళ్ళీ చదివాను. నాలుక తిరక్క పిల్లాడు అవస్థపడటం, ఆయన విసుక్కోకుండా మళ్ళీ మళ్ళీ చెప్పడం. అక్కడ మాత్రం వెక్కిరింపు నాకెక్కడా కనపడలేదు.

చింతబరిక:
అక్కడ లేదు. ఒప్పేసుకున్నా.

మెట్రోచదువరి:
అందరికీ థాంక్స్, ముఖ్యంగా రొట్టె సంగతికి, దుప్పి మాంసం అంత గొప్పగా ఎందుకు వర్ణిస్తున్నాడో అర్థంకాక ఆ పేజీలు తిప్పేశాను. రాత్రి భోజనాల దగ్గర ఇదంతా చెప్తుంటే మా అమ్మ "అన్నం ముందు కూర్చుని అవేం మాటలురా" అని కసిరింది. మా అమ్మాయి మాత్రం పెంట పుస్తకం కావాలంటోంది. తల్లిన్‌లో మామిడి గారూ, బొమ్మలున్నది ఏ ఎడిషనో చెప్తారా?