20 ఏళ్లకే పెన్షన్ తీసుకుని రావాలా, 24 నింపాలా? హవల్దార్ కుటుంబానికి సలహా కావాలి

గిద్దలూరు కోడలు అడిగిన ప్రశ్న:

అందరికీ నమస్కారం. మా వారు ఆర్మీ ఆర్టిలరీలో (ఫిరంగి దళం) హవల్దార్, వై గ్రూప్ (జీతాల వర్గం). ఈ నెలతో 20 ఏళ్ల సర్వీసు నిండింది, వయసు 39. బేసిక్ 40,400. నేనూ పిల్లలూ పఠాన్‌కోట్‌లో క్వార్టర్‌లో ఉంటున్నాం. పాప ఎనిమిది పూర్తి చేస్తోంది, బాబు నాలుగు పూర్తి చేస్తున్నాడు, ఇద్దరూ కేంద్రీయ విద్యాలయంలోనే. ఊళ్లో అత్తమ్మ ఒక్కరే ఉన్నారు, మోకాళ్లు సహకరించడం లేదు.

ఆయన ప్రీమెచ్యూర్ అప్లికేషన్ (గడువుకు ముందే సొంత కోరికపై బయటికి రావడానికి) పెట్టేస్తానంటున్నారు. "15 ఏళ్ల సర్వీసు దాటింది కదా, పెన్షన్ ఎలాగూ వస్తుంది, ఇంకో నాలుగేళ్లు ఉన్నా రెండు మూడు వేలే తేడా" అని ఆయన లెక్క. ఆ లెక్క సరైందేనా? పాప చదువు, ఆయన తర్వాతి ఉద్యోగం, డబ్బు, ఈ మూడూ చూసుకుంటే ఎప్పుడు రావడం మంచిది? తెలిసినవాళ్లు వివరంగా చెప్పండి.

పెన్షన్ లెక్కలు తెలిసినవారు ఇలా చెప్పారు:

చెల్లెమ్మా, నెల పెన్షన్ వరకు మీ వారి లెక్క తప్పు కాదు. తప్పు ఇంకోచోట ఉంది. ముందు అంకెలు చూద్దాం.

బేసిక్ 40,400, ఎంఎస్‌పీ (మిలిటరీ సర్వీస్ పే) 5,200, కలిపి 45,600. అందులో సగం 22,800 పెన్షన్. డీఏ 58 శాతం అనుకుంటే డీఆర్‌తో (పెన్షన్ మీద ఇచ్చే కరువు భత్యం) కలిపి 36,024. సగం కమ్యూట్ చేస్తే, అంటే ఆ భాగాన్ని ముందే ఒకేసారి డబ్బుగా తీసుకుంటే, నెలకు 11,400 తగ్గి 24,624 చేతికొస్తుంది. తగ్గిన ఆ సగం 15 ఏళ్ల తర్వాత మళ్లీ కలుస్తుంది. డీఆర్ మాత్రం ఎప్పుడూ పూర్తి పెన్షన్ మీదే ఇస్తారు. కమ్యుటేషన్ కింద 11,400 × 12 × సుమారు 9.09, అంటే 12 లక్షల 40 వేల దాకా ఒకేసారి వస్తుంది. గ్రాట్యుటీకి ప్రతి ఆరు నెలల సర్వీసుకూ జీతంలో పావు వంతు లెక్క. 20 ఏళ్లంటే 40 అర్ధ సంవత్సరాలు, పది నెలల జీతం. డీఏతో కలిపి 7 లక్షల 20 వేలు.

24 ఏళ్లు నింపితే నాలుగు ఇంక్రిమెంట్లతో బేసిక్ 45,400 అవుతుంది, పెన్షన్ 25,300. తేడా 2,500, డీఆర్‌తో నాలుగు వేల లోపే. గ్రాట్యుటీ 12 నెలల జీతమవుతుంది కాబట్టి అదే డీఏ లెక్కన 9 లక్షల 59 వేలు. "రెండు మూడు వేలే" అని ఆయన అన్నది ఇందుకే.

ఇప్పుడు ఆయన చూడనిది. డిశ్చార్జ్ ఏ క్లాజు కింద జరిగిందన్నది జీవితాంతం పెన్షన్ వెంటే ఉంటుంది. టర్మ్స్ (ర్యాంకుకు నిర్ణయించిన సర్వీసు కాలం) పూర్తయి వస్తే ఆర్మీ రూల్ 13(3)లో ఒక క్లాజు, సొంత కోరికపై వస్తే ఇంకో క్లాజు. 2015 నవంబరు 7న వచ్చిన ఓఆర్‌ఓపీ (ఒకే ర్యాంకు, ఒకే పెన్షన్) నోటిఫికేషన్‌లో ఇకమీదట సొంత కోరికపై డిశ్చార్జ్ తీసుకునేవాళ్లకు ఆ ప్రయోజనం ఉండదని స్పష్టంగా రాశారు. ఓఆర్‌ఓపీ పట్టికలు ఐదేళ్లకోసారి మారతాయి: 2014, 2019, 2024 అయ్యాయి. మీ వారికి 39 ఏళ్లే. ముందున్న ముప్పై నలభై ఏళ్లలో అలాంటి సవరణలు ఎన్ని వస్తాయో మీరే లెక్కేసుకోండి. అదే ర్యాంకులో టర్మ్స్ నింపి వచ్చినవాళ్ల పెన్షన్ ప్రతి సవరణకూ పెరుగుతుంటే ఈయనది అక్కడే ఉండిపోతుంది. పే కమిషన్ సవరణ మాత్రం ఇద్దరికీ వస్తుంది. దీని మీద ట్రిబ్యునళ్లలో కేసులు నడిచాయి కానీ, కేసు గెలుస్తామన్న ధైర్యంతో అప్లికేషన్ పెట్టకండి.

ఇంకొకటి. హవల్దార్‌కి 24 ఏళ్లు, స్క్రీనింగ్ బోర్డు ఒప్పుకుంటే ఇంకో రెండేళ్లు ఎక్స్‌టెన్షన్. ఎంఏసీపీ (ప్రమోషన్ రాకపోయినా ఇచ్చే జీతపు మెట్టు) 8, 16, 24 ఏళ్లకు. మూడోది 24 నిండాకే కాబట్టి ఎక్స్‌టెన్షన్‌కి విల్లింగ్ ఇచ్చి ఉంటే అది కూడా అందుతుంది. ఆయన ప్రమోషన్ కేడర్ (ప్రమోషన్‌కి కావలసిన కోర్సు) పాసయ్యారా, నాయబ్ సుబేదార్ సీనియారిటీలో ఎక్కడున్నారు అన్నది యూనిట్ ఆఫీసులో కనుక్కోండి. ప్రమోషన్ దగ్గర్లో ఉంటే మొత్తం లెక్కే మారిపోతుంది, సర్వీసు 28 దాకా వెళ్తుంది. ఇంటి ఇబ్బంది అని ప్రమోషన్‌కి అన్‌విల్లింగ్ మాత్రం తొందరపడి రాసివ్వొద్దు. ప్రమోషన్ వద్దన్నాక రావలసిన ఎంఏసీపీ కూడా రాదు.

చదువుల సంగతి తెలిసినవారు:

అమ్మా, పాప విషయంలో ఆయన రిటైర్మెంట్ కంటే ముందు మీరు తేల్చుకోవాల్సింది లోకల్ స్టేటస్. ఆంధ్రలో ఇంజనీరింగ్, మెడిసిన్ కన్వీనర్ సీట్లలో 85 శాతం లోకల్ వాళ్లకే. క్వాలిఫయింగ్ పరీక్షతో ముగిసేలా వరుసగా నాలుగేళ్లు ఒకే రీజియన్‌లో చదివి ఉండాలి. అంటే 9, 10, ఇంటర్ రెండేళ్లు. పఠాన్‌కోట్‌లో ప్లస్ టూ దాకా చదివితే తండ్రిది గిద్దలూరే అయినా పాప నాన్‌లోకల్ అయి మిగతా 15 శాతంలో పోటీ పడాల్సి వస్తుంది. ఇంజనీరింగ్‌లో మిలిటరీ పిల్లలకు ఉన్న క్యాప్ కోటా 2 శాతం మంచిదే, సర్వీసులో ఉన్నవాళ్ల పిల్లలకూ వర్తిస్తుంది, కానీ దాని భరోసాతో లోకల్‌ని వదులుకోకూడదు.

కాబట్టి ఈ జూన్‌లోనే పాపను తొమ్మిదిలో మన దగ్గర చేర్చాలి. దానికి తండ్రి పెన్షన్ రావక్కర్లేదు, మీరూ పిల్లలూ వస్తే చాలు. అత్తమ్మగారికి తోడూ దొరుకుతుంది.

ఇక్కడ ఒక పొరపాటు చాలామంది చేస్తారు. గిద్దలూరు పాత ప్రకాశం జిల్లా కింద ఏయూ (ఆంధ్రా యూనివర్సిటీ) రీజియన్. అరవై కిలోమీటర్ల దూరంలోని నంద్యాల ఎస్వీయూ (శ్రీ వెంకటేశ్వర యూనివర్సిటీ) రీజియన్. టెన్త్ దాకా గిద్దలూరులో చదివించి, కాలేజీ బాగుందని ఇంటర్‌కి నంద్యాలలోనో నెల్లూరులోనో వేస్తే నాలుగేళ్లు రెండు రీజియన్లలో చీలిపోతాయి. ఇక్కడే పుట్టి పెరిగిన పిల్లలకు, రాష్ట్రంలో వరుసగా ఏడేళ్లు చదివితే చాలన్న నిబంధన కాపాడుతుంది. మీ పాపకు ఆంధ్రలో ఏడేళ్ల చదువే ఉండదు కాబట్టి ఆ దారి లేదు. నాలుగేళ్లూ గుంటూరు, విజయవాడ, ఒంగోలు వైపే ఉంచండి, లేదా నాలుగేళ్లూ నంద్యాలలోనే ఉంచండి. ఏటా స్టడీ సర్టిఫికెట్ తీసి దాచండి. స్కూలు మూతపడితే తర్వాత తెచ్చుకోవడం నరకం.

ఇంకో సంగతి కలిసొస్తోంది. పాప ఇంటర్ పూర్తయ్యేసరికి మీ వారికి సరిగ్గా 24 నిండుతాయి. కేంద్రీయ సైనిక్ బోర్డు ఇచ్చే ప్రధానమంత్రి స్కాలర్‌షిప్ మాజీ సైనికుల పిల్లలకే, సర్వీసులో ఉన్నవాళ్ల పిల్లలకు లేదు. ఆడపిల్లలకు నెలకు 3,000, ఏడాదికి 36,000. ఇంటర్‌లో 60 శాతం ఉండాలి, ప్రొఫెషనల్ కోర్సు మొదటి ఏడాదిలోనే అప్లై చేయాలి. బీటెక్ మొదటి ఏడాదికి ఆయన డిశ్చార్జ్ బుక్ చేతిలో ఉంటే ఇది దొరుకుతుంది. ఎక్స్‌టెన్షన్‌కి వెళ్తే పాపకు పోతుంది. పెద్ద మొత్తం కాదు కాబట్టి ఎక్స్‌టెన్షన్ వద్దనుకోవడానికి ఇదొక్కటే కారణం కాకూడదు, లెక్కలో మాత్రం ఉండాలి.

ఆయన సర్వీసులో ఉన్నంతకాలం ఇద్దరు పిల్లలకూ చదువు అలవెన్స్ నెలకు తలా 2,812 వస్తుంది, రేపు బయటికొస్తే అది ఆగిపోతుంది. బాబుకి ఆరో తరగతికి కోరుకొండ, కలికిరి సైనిక్ స్కూళ్ల ప్రవేశ పరీక్ష కూడా చూడండి. డిఫెన్స్ వాళ్ల పిల్లలకు 25 శాతం సీట్లున్నాయి, సర్వీసులో ఉన్నా మాజీ అయినా ఒకటే. వచ్చే ఏడాది బాబు ఐదులో ఉండగానే ఫారం వేయాలి.

ఉద్యోగాల వైపు నుంచి ఒక మాట:

పై ఇద్దరితో చాలావరకు ఏకీభవిస్తాను. కానీ రెండో ఉద్యోగం గట్టిగా కావాలనుకునేవాళ్లకు నాలుగేళ్లు చిన్న విషయం కాదు.

వయసు అడ్డమని భయపడక్కర్లేదు. సర్వీసు కాలం మొత్తం వయసులోంచి తీసేసి, ఇంకో మూడేళ్లు సడలిస్తారు. 39లోంచి 20, 3 పోతే 16. 43లోంచి 24, 3 పోయినా అదే 16. ఆంధ్ర ప్రభుత్వ ఉద్యోగాల్లోనూ ఇదే పద్ధతి, అక్కడ మాజీ సైనికులకు 2 శాతం రిజర్వేషన్. కేంద్రంలో గ్రూప్ సీకి 10 శాతం, ప్రభుత్వ రంగ బ్యాంకుల క్లర్కు పోస్టులకు 14.5 శాతం. అయితే బ్యాంకు క్లర్కుకి ఎంత సడలించినా 50 దాటకూడదు. 39లో వస్తే పదకొండేళ్ల వ్యవధి, 43లో వస్తే ఏడే. ఉద్యోగం వచ్చాక 60 దాకా ఎన్నేళ్లు చేస్తారన్నదీ ముఖ్యమే, ఎన్‌పీఎస్ (ఆ రెండో ఉద్యోగపు పెన్షన్ నిధి) పోగయ్యేది ఆ ఏళ్ల మీదే.

ప్రీమెచ్యూర్ తీసుకున్నా పెన్షన్ సంపాదించుకుని వచ్చారు కాబట్టి మాజీ సైనికుడి హోదా ఎక్కడికీ పోదు. అసలు చిక్కు అప్లై చేసే తేదీ దగ్గర వస్తుంది. సర్వీసులో ఉంటూ ఈ కోటాలో అప్లై చేయాలంటే టర్మ్స్ పూర్తవడానికి ఏడాదిలోపు ఉండాలి. సర్వీసు 20 ఏళ్ల దగ్గర ఉండగా, ప్రీమెచ్యూర్ మంజూరు కాకుండా పరీక్ష రాసి పాసైతే, సర్టిఫికెట్ల పరిశీలనలో తీసేస్తారు. అంటే ప్రీమెచ్యూర్ వాళ్లు ముందు బయటికొచ్చి తర్వాత వెతుక్కోవాలి. ఆ మధ్యకాలం నెలకు 24,624 మీద గడపాలి. ఇప్పుడు బేసిక్, ఎంఎస్‌పీ, డీఏ కలిపే 72,048. ఆ తేడాను కనీసం ఏడాదిన్నర మోయగలమా అని అప్పుల లిస్టు ముందేసుకుని చూడండి. ఏజీఐఎఫ్ (ఆర్మీ గ్రూప్ ఇన్సూరెన్స్ ఫండ్) ఇంటి లోన్ మిగిలి ఉంటే చివర్లో వచ్చే మొత్తంలోంచి కోస్తారు.

24కి వచ్చేవాళ్లకు ఆఖరి ఏడాది మొత్తం పరీక్షలకు దొరుకుతుంది, జీతం ఆగకుండా. టెన్త్ పాసై 15 ఏళ్ల సర్వీసు ఉంటే డిగ్రీ అడిగే కేంద్ర గ్రూప్ సీ పోస్టులకు, సాంకేతికమైనవి తప్ప, అర్హులే. అయినా ఈ నాలుగేళ్లలో దూరవిద్యలో మామూలు డిగ్రీ పూర్తి చేయమనండి. రాష్ట్ర పోస్టుల దగ్గర ఆర్మీ సర్టిఫికెట్‌తో వాదించే అవసరం ఉండదు. కేంద్ర ఉద్యోగం వస్తే హవల్దార్ స్థాయి వాళ్ల పెన్షన్‌ను జీతంలోంచి కోయరు, రెండూ వస్తాయి.

చేతిలో ఖాయమైన పని, ఉదాహరణకు సొంత పొలమో వ్యాపారమో ఆగకుండా పిలుస్తుంటే ప్రీమెచ్యూర్ ఆలోచించొచ్చు. లేదంటే 24.

గిద్దలూరు కోడలు:

అన్నయ్యలూ, చాలా వివరంగా చెప్పారు. జూన్‌లో నేనూ పిల్లలూ వచ్చేసి ఆయన 24 నింపడమే నయమనిపిస్తోంది. రెండు సందేహాలు. 8వ పే కమిషన్ కోసం ఆగడంలో లాభముందా? రెండోది, ఆర్మీ రికార్డుల్లో నా పేరు పెళ్లికి ముందు ఇంటిపేరుతో, ఆధార్‌లో అత్తింటి పేరుతో ఉంది. ఇది ఇప్పుడే సరిచేయాలా?

పెన్షన్ లెక్కలు తెలిసినవారు:

కమిషన్ 2025 నవంబరులో ఏర్పడింది, నివేదికకు 18 నెలల గడువు. 7వ కమిషన్ అప్పుడు పాత పెన్షనర్లకు పెన్షన్‌ను 2.57తో గుణించారు. గ్రాట్యుటీ, కమ్యుటేషన్ మాత్రం 2016 జనవరి 1 తర్వాత రిటైరైనవాళ్లకే కొత్త జీతం మీద లెక్కగట్టారు. ఈసారీ అదే పద్ధతి ఉంటే ఆగినవాళ్లకు లాభం. మీరు ఎలాగూ ఆగుతున్నారు కాబట్టి దాని గురించి వేరే ఆలోచన వద్దు.

పేరు మాత్రం ఇప్పుడే, ఈ లీవులోనే. మన తెలుగువాళ్ల పెన్షన్ కాగితాలు ఎక్కువగా ఆగేది ఇక్కడే. రికార్డుల్లో ఇంటిపేరు ముందు, ఆధార్‌లో వెనక, పాన్‌లో ఒక్క అక్షరంగా, బ్యాంకులో అసలు లేకుండా ఉంటుంది. స్పర్శ్‌లో (సైనికుల పెన్షన్ ఆన్‌లైన్ వ్యవస్థ) అవి కలవకపోతే ముందుకెళ్లదు. రేపు ఆయనకేమైనా అయితే ఫ్యామిలీ పెన్షన్ మీకు రావాల్సింది ఆ పేరు మీదే. అఫిడవిట్, ఆధార్, మీ టెన్త్ సర్టిఫికెట్, పెళ్లి సర్టిఫికెట్ ఇస్తే యూనిట్ పార్ట్ టూ ఆర్డర్ (రికార్డుల్లో మార్పు నమోదు చేసే ఉత్తర్వు) వేస్తుంది. సర్వీసులో ఉండగా ఇది యూనిట్ క్లర్కు దగ్గర జరిగిపోయే పని. బయటికొచ్చాక నాసిక్ రోడ్ క్యాంప్‌లోని ఆర్టిలరీ రికార్డ్స్‌తో ఉత్తరాలు నడపాలి. ఆర్డర్ వేశాం అంటే సరిపోదు, నంబరు, తేదీ ఉన్న కాపీ తెచ్చుకోండి. పిల్లల పుట్టిన తేదీలూ అందులో సరిచూడండి. అత్తమ్మగారిని డిపెండెంట్‌గా చూపించారో లేదో కూడా ఇప్పుడే చూడాలి, రేపు ఈసీహెచ్‌ఎస్ (మాజీ సైనికుల వైద్య పథకం) కార్డుకి అదే ఆధారం. హవల్దార్‌కి ఈసీహెచ్‌ఎస్ చందా ఒక్కసారే 30,000.

చివరిగా ఆయనకు ఒక మాట చెప్పండి. గన్నర్లకు వినికిడి తగ్గడం మామూలు. చెవిలో హోరు వస్తున్నా, టీవీ సౌండ్ పెంచుకుంటున్నా ఆఖరి మెడికల్ దాకా దాచుకోవద్దు. ఇప్పుడే మిలిటరీ హాస్పిటల్‌లో ఆడియోమెట్రీ చేయించుకుని మెడికల్ డాక్యుమెంట్లలో ఎక్కించుకోవాలి. సర్వీసు వల్ల వచ్చిందని రిలీజ్ మెడికల్ బోర్డు ఒప్పుకుని 20 శాతం, ఆపైన తేలిస్తే పెన్షన్‌తో పాటు దానికి అదనపు మొత్తం వస్తుంది. సర్వీసులో ఒక్క కాగితం కూడా లేకుండా బయటికొచ్చాక అడిగితే ఆ చెవుడు ఫిరంగుల దగ్గర వచ్చిందని నిరూపించడం చాలా కష్టం. ఒక్కటి గుర్తుంచుకోమనండి, మెడికల్ కేటగిరీ తగ్గితే ఎక్స్‌టెన్షన్ స్క్రీనింగ్‌లో అది చూస్తారు. ఆ కారణంతో చాలామంది దాచుకుంటారు. మీరు 24కే రావాలనుకుంటున్నారు కాబట్టి మీకు ఆ భయం అక్కర్లేదు.