అప్‌డేట్: ఇయర్‌ఫోన్లలో ఉన్న బేస్ డీజే బాక్సుల మీద మాయం – కారణం దొరికింది

మొన్న అడిగింది ఇదీ: డప్పు లూప్ మీద కట్టిన ట్రాక్‌లో బేస్ ఇయర్‌ఫోన్లలో మస్తుగుంది, నల్గొండలో బరాత్ బాక్సుల మీద పెడితే కింది ఎఫ్ స్వరం అసలే వినిపిస్తలేదు, కిక్ (డ్రమ్ దెబ్బ) మాత్రం మంచిగనే ఉంది. జవాబిచ్చిన అన్నలకు, అక్కలకు థాంక్స్.

"ముందు మోనోలో (ఎడమ, కుడి ఛానళ్లు రెండూ ఒకటిగా కలిపి) విను" అన్న సలహానే పనిచేసింది. ట్రాక్ కట్టే సాఫ్ట్‌వేర్ ఏబుల్టన్ లైవ్‌లో మాస్టర్ (మొత్తం పాట పోయే ఛానల్) మీద యుటిలిటీ అనే టూల్ పెట్టి మోనో నొక్కగానే ఇయర్‌ఫోన్లలో కూడా బేస్ పోయింది. అసలు కారణం బాక్సులు కట్టే సౌండ్ అన్న పట్టిండు: సబ్‌లకు (లోతైన బేస్ వాయించే బాక్సులకు) పోయే లైన్ మోనో. సౌండ్ వెడల్పుగా వినిపించాలని పెట్టిన 11.5 మిల్లీసెకన్ల డిలే (ఆలస్యం) బేస్ కుడి ఛానల్‌కు ఉంది. ఆ కింది ఎఫ్, అదే ఎఫ్1, అంటే 43.65 హెర్ట్జ్, ఒక్కో అల సుమారు 22.9 మిల్లీసెకన్లు, డిలే అందులో సగం. ఎడమది లేస్తుంటే కుడిది దిగుతుంది, కలిస్తే దాదాపు సున్నా. దాని పై ఎఫ్ అయిన ఎఫ్2కు అదే డిలే నిండు అల, అందుకే అది చెక్కుచెదరలే.

ఈక్యూలో (కింది, పై స్వరాలను విడివిడిగా పెంచే, తగ్గించే టూల్) 40 హెర్ట్జ్ దగ్గర 6 డెసిబెల్స్ లేపితే ఏం ఫాయిదా లేదు, రెండు ఛానళ్లూ సమానంగా పెరిగి మళ్లీ కొట్టేసుకుంటయి. సైడ్‌చెయిన్‌కు (కిక్ పడ్డప్పుడు బేస్‌ను తగ్గించే సెట్టింగ్), కేబుల్‌కు దీంతో సంబంధమే లేదు.

డిలే తీసేస్తే సరిపోయింది. దాన్ని ఉంచి, తర్వాత యుటిలిటీలోని బేస్ మోనో (కింది స్వరాలనే మోనో చేసే బటన్) పెడితే మాత్రం ఇదే గతి. వెడల్పు కావాల్నంటే బేస్‌ను రెండు ట్రాకులు చేసి, 150 హెర్ట్జ్ పై భాగానికే డిలే ఇయ్యాలె. మోనోలో ఆ పై భాగం టోన్ కొంచెం మారుతది గానీ కింది బేస్ నిలుస్తది.