కాలనీకి మార్కులు వేయాలంటే దూరం చూడాలా, మనిషిని చూడాలా?

లెక్కల మాస్టారు:
ఇంటి నుంచి పావుగంట నడకలో బడి, కిరాణా, దవాఖానా, పార్కు, బస్టాపు ఎన్ని ఉన్నాయో చూసి హైదరాబాద్ కాలనీలకు మార్కులు వేయాలంటాను. ప్రొఫెసర్ కార్లోస్ మొరెనో చెప్పిన ఈ 'పావుగంట నగరం' ఆలోచననే అప్పటి పారిస్ మేయర్ ఆన్ ఇదాల్గో 2020 ఎన్నికల్లో ప్రచారం చేశారు. అద్దె ఇల్లు వెతికేవాళ్లకూ, కార్పొరేటర్‌ని నిలదీసేవాళ్లకూ పనికొచ్చే లెక్క ఇది. మీరేమంటారు?

కేపీహెచ్‌బీ వాసి:
మ్యాప్‌లో మా ఇంటి చుట్టూ కిలోమీటరు గుండ్రం గీస్తే హైవే అవతలి షాపులన్నీ మా ఖాతాలో పడతాయి. ఆ రోడ్డు ఒకసారి నడిచి దాటండి సార్! డివైడర్‌లో సందు ఎక్కడుంటే అక్కడిదాకా పోవాలి, లేదంటే వంతెన మెట్లెక్కాలి. మోకాళ్ల నొప్పులున్న మా అత్తగారికి అవతలి మెడికల్ షాపు పక్క ఊళ్లో ఉన్నట్టే.

లెక్కల మాస్టారు:
గుండ్రం ఎవరు గీయమన్నారండీ? ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ అనే ఉచిత ఆన్‌లైన్ మ్యాప్‌తో రోడ్డు వెంబడే నడక దూరం లెక్కేయొచ్చు. ప్రజా రవాణా ఎంతమందికి అందుతోందో కొలిచే ఐక్యరాజ్యసమితి సూచికలోనూ అంతే. బస్టాపుకి 500 మీటర్లు, మెట్రోకి కిలోమీటరు. అంతలోపు ఉంటే అందుబాటులో ఉన్నట్టు.

బస్సుపాస్:
స్టాపు ఉంటే చాలా, బస్సు రావద్దా? ఇంకో మాట. 2023 డిసెంబరులో తెలంగాణలో ఆడవాళ్లకు బస్సు ఉచితం చేశారు. స్టాపు అక్కడే ఉంది, దూరం మారలేదు. కానీ షేర్ ఆటోకి డబ్బుల్లేక ఆగిపోయినవాళ్లు ఇప్పుడు వెళ్లగలుగుతున్నారు. మీ మీటర్లలో ఈ మార్పు ఎక్కడ కనిపిస్తుంది? రద్దీలో ఎక్కలేక వదిలేసిన బస్సులు కూడా లెక్కలోకి రావు, అది వేరే కథ.

గోడ పక్కిల్లు:
మా బస్తీని ఆనుకునే గేటెడ్ కమ్యూనిటీ ఉంది. లోపల పార్కు, సూపర్ మార్కెట్. మ్యాప్ ప్రకారం రెండూ మాకు దగ్గరే. వాచ్‌మన్ రానిస్తే కదా!

లెక్కల మాస్టారు:
గోడ సంగతి ఒప్పుకుంటాను, బయటివాళ్లను రానివ్వనివి తీసేయాలి. ఛార్జీ, రద్దీ, మెట్లు, ఎండ అన్నీ కలిపి ఒకే అంకె చేస్తే మాత్రం అది ఎందుకు పెరిగిందో ఎందుకు తగ్గిందో ఎవరికీ అర్థం కాదు. నడక, ఛార్జీ వేర్వేరు పట్టీల్లో పెడదాం.

కేపీహెచ్‌బీ వాసి:
పట్టీలు ఎన్నైనా పెట్టండి, నడకది మాత్రం డెబ్బై ఏళ్ల మనిషి వేగంతో వేయండి.

లెక్కల మాస్టారు:
అలా వేస్తే సగం నగరానికి సున్నాలే వస్తాయి. ఏ కాలనీలో ముందు ఫుట్‌పాత్ వేయాలో ఎలా తేలుస్తాం?

బస్సుపాస్:
సున్నా వచ్చిన కాలనీల్లో ముసలివాళ్లు ఎక్కువున్న చోట మొదలుపెట్టండి. ఓటర్ల జాబితాలో వయసు ఉంటుందిగా.