సైబర్ సెక్యూరిటీ ఆటలో పాత్రకి బలహీనత ఎలా రాయాలి?

విజయనగరం మాస్టారు:

నమస్కారం. విజయనగరంలో ఒక కాలేజీలో కంప్యూటర్లు చెబుతాను. చుట్టుపక్కల మిల్లుల్లో, దుకాణాల్లో లెక్కలు రాసేవాళ్ళకి సైబర్ మోసాల మీద ఒక పూట ట్రైనింగ్ పెడుతున్నాం. స్లైడ్లు చూపించి పంపేయడం నాకు ఇష్టం లేదు. అందుకని రోల్ ప్లే ఆట అనుకున్నాం. అందరికీ తలో పాత్ర కార్డు ఇస్తాం. నేను మోసం కథ నడుపుతుంటే, తమ పాత్ర ఏం చేస్తుందో వాళ్ళు చెబుతారు. ఎటు తేలుతుందో తెలియని చోట డైస్ వేస్తారు.

నాకు దొరికిన కార్డులన్నీ పెద్ద కంపెనీలవే. రాజాం జూట్ మిల్లు గుమాస్తా చేతిలో "ఇన్సిడెంట్ రెస్పాన్స్ లీడ్" అనే కార్డు పెడితే ఆయన ఏం చేసుకుంటాడు? మన జిల్లాల్లో రోజూ కనబడే మనిషి కావాలి నాకు.

రెండు చోట్ల ఆగిపోయాను. బలహీనత దగ్గర "కంప్యూటర్ జ్ఞానం తక్కువ" అని రాస్తే, ఆ కార్డు అందుకున్నవాళ్ళు చిన్నబుచ్చుకుంటారు. ఇక మోసపు మెయిల్ వచ్చినప్పుడు నమ్మాలా వద్దా అన్నది ఆడేవాళ్ళు తేల్చాలా, డైస్ తేల్చాలా?

బొబ్బిలి కుర్రాడు:

మాస్టారూ, బెంగళూరులో సెక్యూరిటీ టీమ్‌లో చేస్తున్నాను. రెండో ప్రశ్నకి నా జవాబు: ఆ నిర్ణయం డైస్‌కి వదలకండి. డైస్ వల్ల మోసపోతే "నా తప్పేముంది, రెండు పడింది" అంటారు, అక్కడితో ఆలోచన ఆగిపోతుంది. తన చేతిలో లేనివాటికి డైస్ వేయించండి. ఓనర్ ఫోన్ ఎత్తాడా, బ్యాంకు లైన్ కలిసిందా, డబ్బు అవతలి ఖాతా దాటకముందే బ్యాంకు దాన్ని ఆపి హోల్డ్‌లో పెట్టిందా, ఇలాంటివి.

కార్డు మీద తెలివి, ధైర్యం అని పాయింట్లు కూడా వద్దు. ఆ మనిషికి ఏయే పాస్‌వర్డ్‌లు తెలుసు, ఎంత డబ్బు కదపగలదు, అది రాస్తే చాలు. మోసగాడు వెతికేది కూడా అదే కదా.

కాశీబుగ్గ లెక్కలు:

మాస్టారూ, పలాసలో జీడిపప్పు ఫ్యాక్టరీలో అకౌంట్స్ చూస్తాను. మీకు కావలసిన మనిషి నా పక్క కుర్చీలోనే ఉన్నట్టుంది. రాసి ఇస్తున్నాను, మీ ఇష్టం వచ్చినట్టు మార్చుకోండి.

పేరు నీలవేణి. 34 ఏళ్ళు, బీకాం. ఫ్యాక్టరీలో ఆఫీసు మనిషి ఆవిడ ఒక్కతే. లెక్కల సాఫ్ట్‌వేర్ ట్యాలీ ఉన్న కంప్యూటర్‌లోనే వాట్సాప్ కూడా తెరిచి ఉంటుంది, ఫ్యాక్టరీ మెయిల్ కూడా అక్కడే. నెట్ బ్యాంకింగ్‌లో పేమెంట్ ఎక్కించేది ఆవిడ, ఆమోదించేది షావుకారు. కాగితం మీద ఇద్దరు. కానీ షావుకారు జీడి పిక్కల (ఒలవని జీడిగింజల) బేరానికి ఊళ్ళు తిరుగుతుంటాడు కాబట్టి తన లాగిన్ కూడా ఆవిడకే ఇచ్చాడు. ఓటీపీ ఫోన్‌లో చదివి చెబుతాడు. కార్డు మీద ఈ వాక్యం తప్పకుండా ఉండాలి. ఇద్దరు చూడాల్సింది ఒక్కరే చూస్తున్నారు, తాళం అక్కడే ఊడింది.

ఇంక బలహీనత. దయచేసి ఆవిడని తెలివితక్కువ మనిషిగా రాయకండి. 80 కిలోల పిక్కల బస్తా రేటు మీద పది రూపాయలు తేడా వచ్చినా ఇన్‌వాయిస్ చూడగానే పట్టేస్తుంది. ఆవిడ బలహీనత ఏమిటంటే, పని ఆగితే తట్టుకోలేదు. సరుకు రాకపోతే బట్టీ ఆగుతుంది, బట్టీ ఆగితే పప్పు ఒలిచే ఆడవాళ్ళకి ఆ రోజు కూలి ఉండదు. వాళ్ళలో సగం మంది ఆవిడ వీధి వాళ్ళే. "ఈ రాత్రికి డబ్బు పడకపోతే లోడు వేరే ఫ్యాక్టరీకి పోతుంది" అని మెయిల్ వస్తే ఆవిడకి కనబడేది ఖాతా నంబరు కాదు, పొద్దున్నే గేటు దగ్గరకొచ్చే ఆ మనుషులు. మోసగాడు పట్టుకునేది ఈ మంచితనాన్నే. ఇలా రాస్తే ఆ కార్డు అందుకున్నవాళ్ళు ఎవరూ చిన్నబుచ్చుకోరు, నాది గ్యారంటీ.

రోజు కూడా మీరే ఎంచండి. నెల 20వ తేదీ పెట్టండి, జీఎస్టీ నెలవారీ రిటర్ను 3బి వేయాల్సిన గడువు. దాన్ని శనివారం చేస్తే కూలీల బట్వాడా కూడా కలుస్తుంది. షావుకారు బస్సులో ఉంటాడు. సాయంత్రం ఆరు దాటాక, ఎప్పుడూ పిక్కలు పంపే బ్రోకర్ పేరుతో మెయిల్: మా పాత ఖాతా ఆడిట్‌లో ఉంది, ఈసారి ఈ కొత్త ఖాతాకి వేయండి. ఇన్‌వాయిస్ అచ్చం పాతదే, లారీ నంబరు కూడా సరైనదే, ఎందుకంటే మోసగాడు అప్పటికే బ్రోకర్ మెయిల్ చదువుతున్నాడు. మెయిల్ అడ్రస్‌లో మాత్రం ఒక్క అక్షరం తేడా. ఆ మెయిల్ ప్రింట్ తీసి చేతికివ్వండి, అక్షరం వాళ్ళే వెతుక్కోవాలి. పెద్ద మొత్తాలు బ్యాంకు నుంచి బ్యాంకుకి పంపే ఆర్టీజీఎస్ 2020 డిసెంబర్ నుంచి 24 గంటలూ నడుస్తోంది. "బ్యాంకు మూసేశారు, సోమవారం చూద్దాం" అనే వెసులుబాటు ఇప్పుడు ఆవిడకి లేదు.

గెలిచే దారి ఒకటి తప్పకుండా ఉంచండి. బ్రోకర్ పాత నంబరు ఆవిడ డైరీలో ఉంటుంది. మెయిల్‌లో ఇచ్చిన కొత్త నంబరుకి చేస్తే మోసగాడే ఎత్తి "అవునమ్మా, మాదే" అంటాడు. డైరీలో నంబరుకి చేస్తే కథ అక్కడే తెగిపోతుంది. డైరీ ఉందని మీరు ముందే చెప్పకండి, వాళ్ళు అడిగితేనే ఇవ్వండి.

డబ్బు పోయాక కూడా ఆట ఆపొద్దు. వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేస్తారా, లేక షావుకారు తిడతాడని రాత్రంతా దాచుకుంటారా? సగం నష్టం అక్కడే జరుగుతుంది. డబ్బు హోల్డ్ పడిందా అని వేసే డైస్‌లలో, ఆలస్యమైన ప్రతి గంటకీ ఒకటి తగ్గించండి.

సోంపేట నుంచి:

కాశీబుగ్గ అప్ప రాసింది చాలా బాగుంది. మాస్టారూ, మోసగాడికి కూడా ఒక కార్డు రాయండి. ముసుగేసుకున్న హ్యాకర్‌ని మాత్రం పెట్టకండి. 2024 మేలో విశాఖ పోలీసులు ఏజెంట్లను అరెస్టు చేశాక తెలిసింది కదా, డేటా ఎంట్రీ ఉద్యోగాలని మన ఉత్తరాంధ్ర కుర్రాళ్ళని కంబోడియా తీసుకెళ్ళి, అక్కడ కూర్చోబెట్టి ఈ ఫోన్ మోసాలే చేయించారు. అంతకుముందే, 2023లో ఐక్యరాజ్యసమితి మానవ హక్కుల కార్యాలయం కంబోడియాలో సుమారు లక్ష మంది, మయన్మార్‌లో కనీసం 1,20,000 మంది ఇలా చిక్కుకుని ఉండొచ్చని చెప్పింది.

మీ ట్రైనింగ్‌కి వచ్చేవాళ్ళ ఇళ్ళలోనూ ఉద్యోగం కోసం చూస్తున్న పిల్లలుంటారు. మెయిల్ పంపేవాడిని మందస పక్క పల్లె కుర్రాడిగా పెట్టండి. పాస్‌పోర్టు పట్టుకెళ్ళిన ముఠా దగ్గర, రోజుకింత టార్గెట్, అందకపోతే దెబ్బలు. ఆ కార్డు ఆడినవాళ్ళు రేపు "విదేశంలో టైపింగ్ పని, ఏజెంటుకి లక్షన్నర" అనే మాట వింటే ఒక్క నిమిషం ఆగుతారు.

విజయనగరం మాస్టారు:

ఇది నా బుర్రకి తట్టనే లేదండీ. రెండు కార్డులూ ఉంటాయి. కుర్రాడి కార్డు మాత్రం ఆట చివర్లో తిప్పి చూపిస్తాను. ముందే చూపిస్తే వాడి మీద జాలితో నీలవేణి సంగతి మరిచిపోతారేమో.

నీలవేణి కార్డులో తెలివి పాయింట్లు తీసేశాను. ఏ ఏ లాగిన్‌లు ఉన్నాయి, ఎవరి కూలి ఆవిడ మీద ఆధారపడి ఉంది, ఈ రోజు తేదీ ఎంత, ఇవి రాశాను. ఒక్క సందేహం మిగిలింది. షావుకారు పాత్ర నేనే చెయ్యాలా, వేరే ఎవరికైనా ఇవ్వాలా?

కాశీబుగ్గ లెక్కలు:

వేరేవాళ్ళకే ఇవ్వండి మాస్టారూ. వచ్చినవాళ్ళలో నిజంగా వ్యాపారం ఉన్నాయన ఎవరైనా ఉంటే ఆయనకే. లాగిన్ ఇచ్చేసి తిరగడం ఎంత ప్రమాదమో ఆ కుర్చీలో కూర్చుంటేనే తెలుస్తుంది. ఓటీపీ అడుగుతూ ఫోన్ వచ్చినప్పుడు ఆయన "ఏ ఖాతాకమ్మా?" అని అడుగుతాడో లేదో చూడండి. అడిగితే నీలవేణికి ఇంకో అవకాశం ఇవ్వండి. ఫోన్ ఎత్తాలంటే డైస్ మీద నాలుగు దాటాలి. బస్సు ఘాట్‌లో ఉంటే ఆరే పడాలి.