సమస్య: "పారిపోవువాడె వీరుడయ్యె" (రేలంగి వేషాల మీద పూరణలు)

నిర్వాహకుడు
ఈ వారం సమస్యగా ఆటవెలది పద్యం నాలుగో పాదం ఇస్తున్నాను, ముందు మూడు పాదాలు మీరు పూరించాలి:

పారిపోవువాడె వీరుడయ్యె

"పారి – వీరు" ప్రాసయతి (యతి బదులు రెండో అక్షరాలు కలవడం) కుదిరింది కాబట్టి ఈ పాదాన్ని కదపకండి. పూరణ మాత్రం రేలంగి వెంకట్రామయ్య గారి ఏదో ఒక వేషం మీద ఉండాలి. ఆయన 1975లో పోయారు. పిరికివాళ్ల వేషాలు ఆయన వేసినంత మర్యాదగా ఇంకెవరూ వెయ్యలేదని నా నమ్మకం. వాళ్లను చూసి నవ్వుతాం గానీ చులకన చెయ్యం.

గోదారిగట్టు
'నర్తనశాల' (1963) ఉత్తరకుమారుడు.

ఆడవారి యెదుట నార్భాట మొనరించె
సేన జూడగానె చెమట పట్టె
రథము దూకి నవ్వు రాబట్టె రేలంగి
పారిపోవువాడె వీరుడయ్యె

నిర్వాహకుడు
"సే – చె" యతి (పాదం మొదటి అక్షరానికి మధ్యలో జత కుదరడం), గణాలు (గురువు, లఘువుల గుంపులు) అన్నీ సరిపోయాయి. మూడో పాదం చదవగానే మనిషి కళ్లముందుకొచ్చాడు. అయితే ఈ సమస్యకు విరాటపర్వంలోనే సిద్ధంగా జవాబు ఉంది. గోవుల్ని మళ్లించింది బృహన్నల వేషంలోని అర్జునుడు, అంటే క్రీడి. విరాటుడేమో కొడుకే గెలిచాడని కొలువులో పొంగిపోతాడు. పారిపోయినవాడు వీరుడైంది అక్కడే కదా! పద్యంలో ఆ మాట రాలేదు. రెండో పాదం ఇలా మార్చి చూడండి:

గెలుపు క్రీడిదైన కీర్తి తనది

గోదారిగట్టు
ముడి విడిందండీ, ఒప్పుకుంటాను. కానీ "చెమట పట్టె" పోతే రేలంగి సగం పోయినట్టు ఉంటుంది. అంతఃపురంలో ఆ ఛాతీ విరుపు, సేన కనబడగానే ఆ మొహం... ఆ రెండూ పక్కపక్కన ఉంటేనే నవ్వు. నా పాదం ఉంచుకుంటాను.

వెన్నెలబండి
'పాతాళభైరవి' (1951) సురసేన. వినవే బాలా అంటూ ఆయన సొంత గొంతుతో పాడిన పాట వింటే ఇప్పటికీ నవ్వాగదు.

రాణిగారి తమ్ముడు రంగేళి సురసేన
కత్తి చూడగానె గజగజమనె
పాట పాడి మనల పల్టీలు కొట్టించి
పారిపోవువాడె వీరుడయ్యె

తాటిచెట్టు
మొదటి పాదంలో మూడో గణం "తమ్ముడు" భగణం (ఒక గురువు, రెండు లఘువులు) అయింది, అక్కడ సూర్యగణం (గురువు–లఘువు, లేదా మూడు లఘువులు) పడాలి. "రాణి యనుజుడైన రంగేళి సురసేన" అంటే సరి. మిగతా పద్యం హాయిగా ఉంది. "పల్టీలు కొట్టించి" చాలా బాగుంది.

చింతచిగురు
'మాయాబజార్' (1957) లక్ష్మణకుమారుడు లేకుండా ఎలా?

పెండ్లిపీట మీద బెదిరించె నా కన్య
కెవ్వు మనుచు వరుడు కేక వేసె
చూడ వచ్చినట్టి చుట్టాలు నవ్వగా
పారిపోవువాడె వీరుడయ్యె

తాటిచెట్టు
నడక బాగుంది. కానీ చుట్టాలు నవ్వితే వాడు వీరుడెలా అయ్యాడు? వైరుధ్యం అలాగే మిగిలిపోయింది. నవ్వింది చుట్టాలు కాదు, మనం. మూడో పాదానికి నా సూచన:

నాడు నేడు చూచి నవ్వెడి మనసులో

చింతచిగురు
తీసుకున్నానండీ. ఇప్పుడు అర్థం నిలబడింది.

కాలువొడ్డు
నేను కొంచెం విరిచి రాశాను. 'మిస్సమ్మ' (1955) దేవయ్య.

కాణి యడిగి నవ్వు కానుక నిచ్చెడి
పేద దేవయగను పేరుగాంచె
వాని జూడగానె వంతలు మనవెల్ల
పారిపోవు, వాడె వీరుడయ్యె

గోదారిగట్టు
అబ్బ! పారిపోయేది మన వంతలా (బాధలా)! పిరికివాడి ఊసే లేకుండా పూరించారు.

నిర్వాహకుడు
ఈ వారానికి నాకు నచ్చిన పూరణ ఇదే. "వంతలు" బహువచనం కాబట్టి "పారిపోవు" అన్న క్రియ వ్యాకరణంలో కూడా చక్కగా ఇమిడింది, ఎక్కడా లాగినట్టు లేదు. దేవయ్యను ఎంచుకోవడం మరీ నచ్చింది. సురసేనకూ లక్ష్మణకుమారుడికీ రాజభోగం ఉంది, చుట్టూ సెట్టింగులున్నాయి. దేవయ్యకు అవేవీ లేవు. గొంతు, చెయ్యి చాపే తీరు, ఆ రెంటితోనే అన్నీ నడిపించారు. 1970లో ఆయనకు పద్మశ్రీ ఇచ్చారు. నన్నడిగితే ఈ ఒక్క వేషానికే ఇవ్వొచ్చు.

'గుణసుందరి కథ' (1949) మీద ఇంకా ఎవరూ రాయలేదు. ఆదివారం రాత్రి దాకా గడువుంది. పంపే ముందు మూడో పాదంలో చివరి రెండూ ఇంద్రగణాలేనా (సూర్యగణాలకన్నా పెద్దవి) అని ఒకసారి లెక్క చూసుకోండి.