తోట పనికి గంబూట్లు: పీవీసీయా, రబ్బరా? పగుళ్లు, తెల్ల పొడి ఎందుకు వస్తున్నాయి?

ఆనందపురం తోట

ఆనందపురం వైపు అర ఎకరం కూరగాయలు, పక్కనే పశువుల పాక. నేల ఎర్ర బంకమట్టి. జూన్ నుంచి నవంబరు దాకా వారానికి నాలుగు రోజులు, పూటకు రెండు మూడు గంటలు గంబూట్లతోనే పని. ఒక జత నల్ల పీవీసీ ప్లాస్టిక్‌వి, రెండో వానాకాలానికే వేళ్లు మడిచే చోట పగిలాయి. ఇంకో జత రబ్బరువి, డాబా మీది గదిలోంచి తీస్తే ఒళ్లంతా తెల్ల పొడి. అవి పాడైనట్టేనా? కొత్తవి కొనేటప్పుడు ఏం చూడాలి? పాకలో తడి సిమెంటు మీద జారుడు కూడా ఎక్కువగానే ఉంది. పగిలిన జతకు అతుకు నిలుస్తుందా?

సేఫ్టీ కౌంటర్, గాజువాక

కొనడం వరకు నేను చెప్తాను.

పీవీసీ బూటు అచ్చులో ఒకే ముక్కగా పోస్తారు, కుట్టూ అతుకూ ఉండవు. అందుకే కొత్తలో కారదు. మెత్తదనం కోసం కలిపే ప్లాస్టిసైజరు ఎండకీ వేడికీ మెల్లగా బయటికి పోతుంది, ఆ తర్వాత బూటు బిరుసెక్కి మడత దగ్గర చిట్లుతుంది. చవక సరుకులో సుద్దపొడి లాంటి ఫిల్లరు ఎక్కువ కాబట్టి ఆ చిట్లడం ఇంకా తొందర. దుకాణంలోనే తెలుసుకోవచ్చు: గొట్టాన్ని, అంటే పిక్కను కప్పే భాగాన్ని, గట్టిగా మడిచి వదలండి. మడత మీద తెల్ల గీత పడి అలాగే ఉండిపోతే ఆ జత వద్దు.

సహజ రబ్బరు బూటు వేరు. బట్ట లైనింగు మీద రబ్బరు ముక్కలు పేర్చి, ఆ తర్వాత వల్కనైజ్ చేస్తారు, అంటే గంధకంతో వేడి చేసి గట్టిపరుస్తారు. మెత్తగా వంగుతుంది, పాదం అలవదు. నూనె, డీజిల్, గ్రీజు తగిలితే ఉబ్బుతుంది. కారితే ఎక్కువగా అతుకుల దగ్గరే కారుతుంది. చేపల షెడ్లు, మాంసం కొట్లలాంటి చోట కొవ్వు తగులుతుంది కాబట్టి నైట్రైల్ అనే నూనెకు తట్టుకునే కృత్రిమ రబ్బరు కలిపిన పీవీసీ వాడాలి. మీకు అంత అవసరం లేదు.

పీయూ, అంటే పాలీయురేథేన్ ప్లాస్టిక్ బూట్లు చాలా తేలిక, ధర ఎక్కువ. మన ఊరి ఉక్కపోత వాటికి పడదు. తేమ తగిలి పాలీయురేథేన్ లోపలే విరుగుతుంది, కొన్నేళ్లు అట్టపెట్టెలో కదలకుండా ఉన్న జత తొడిగిన రోజే సోలు పొడిపొడిగా రాలొచ్చు. సోలు మీద అచ్చు వేసిన తయారీ నెల, సంవత్సరం చూడకుండా తీసుకోకండి.

నాణ్యత ముద్రల సంగతి. ఐఎస్ అంటే భారతీయ ప్రమాణం. పీవీసీ పారిశ్రామిక బూట్లకు ఐఎస్ 12254, రబ్బరు వాటికి ఐఎస్ 5557. ఇనుప ముక్కున్న సేఫ్టీ బూట్లకు ఐఎస్ 15298 రెండో భాగం. విదేశీ జతల మీద ఎస్4, ఎస్5 అని ఉంటుంది. రెండింటికీ 200 జౌళ్ల దెబ్బకు తట్టుకునే ముక్కు ఉంటుంది. ఎస్5కి అదనంగా మేకు దిగకుండా అడుగున పొర, లోతు గాళ్లు. గునపం, పార ఆడించే పనికి ఇనుప ముక్కు మంచిదే, కలుపు తీతకు బరువు తప్ప లాభం లేదు.

సైజు సాయంత్రం చూడండి, అప్పటికి పాదం కాస్త ఉబ్బి ఉంటుంది. తోటలో వేసే మందం సాక్సు వేసుకుని వెళ్లండి. పాదాన్ని ముందుకు తోసి వేళ్లు ముక్కుకు ఆనిస్తే మడమ వెనక ఒక వేలు దూరాలి. నడుస్తుంటే మడమ సెంటీమీటరు లేచినా ఫర్వాలేదు, అంతకు మించితే బొబ్బలే, పైగా బంకమట్టి బూటును పట్టేసుకుని కాలు ఒక్కటీ పైకొస్తుంది. పిక్క లావున్న చోట టేపుతో కొలిచి, ప్యాంటు లోపలికి దోపడానికి ఇంకో మూడు సెంటీమీటర్లు కలుపుకోండి. ఎత్తు 12 అంగుళాలు చాలు. 15 అంగుళాలవి కాలవల్లో దిగేవాళ్లకి, మన వేడికి అవి ఆవిరి పెట్టెలు.

హార్బర్ గట్టు

జారుడు గురించి. లోతు పళ్లున్న సోలు ఎక్కడైనా పట్టేస్తుందనుకుంటారు చాలామంది. బురదలో నిజమే, ఆరేడు మిల్లీమీటర్ల పళ్లు, మధ్య ఖాళీ వెడల్పుగా ఉంటే మట్టి తనంతట తనే ఊడిపోతుంది. అదే సోలు తడి సిమెంటు మీద నాలుగు గడ్డల మీద నిలబడినట్టే, నేలకు తగిలేది చాలా తక్కువ. చేపలు దించే చోట వాడే తెల్ల బూట్ల అడుగు చూడండి, సన్నని గాళ్లు దగ్గరదగ్గరగా, మెత్తని సోలు. ఒక్క జతే కొంటానంటే నేనైతే పాకకే చూసి కొనమంటాను. బురదలో జారితే బట్టలు పోతాయి, సిమెంటు మీద జారితే నడుము పోతుంది.

గాళ్లలో పేడ పేరుకుంటే ఏ సోలైనా నున్నని పలకే. పని అవ్వగానే పుల్లతో గీకి మంచినీళ్లతో కడిగీయండి. పాక కడిగే బ్లీచింగు బూట్ల మీద ఆరనివ్వొద్దు, క్లోరిన్ రబ్బరును తినేస్తుంది. ఉప్పునీళ్లు రబ్బరును అంతగా ఏమీ చెయ్యవు గానీ లైనింగులో ఉప్పు మిగిలితే తేమ లాగుతూనే ఉంటుంది, ఇనుప ముక్కు లోలోపలే తుప్పు పడుతుంది.

రబ్బరు పని

తెల్ల పొడికి భయపడకండి. రబ్బరు మిశ్రమంలో మైనం కలుపుతారు, గాలిలో ఉండి రబ్బరును పగలగొట్టే ఓజోన్ వాయువు నుంచి కాపాడడానికే. అది మెల్లగా పైకి తేలి పొడిలా కనిపిస్తుంది. దీన్నే బ్లూమ్ అంటారు. సహజ రబ్బరు బూట్లకు ఇది మామూలే. వేడి గది, చల్లని రాత్రి మారుతూ ఉంటే ఎక్కువ తేలుతుంది. తడిగుడ్డతో తుడిచి, కావాలంటే సిలికాన్ స్ప్రే గుడ్డ మీద కొట్టి గొట్టానికి మాత్రమే రాయండి. సోలుకు తగిలితే జారుడుబల్లే. మళ్లీ తేలినా తప్పేం లేదు. అదే పొడి లోపలి బట్ట మీద మచ్చలు మచ్చలుగా, ముక్కవాసనతో ఉంటే అది బూజు, దాని వైద్యం వేరు.

మెరుపు కోసం కొబ్బరినూనె, వ్యాజలీన్ రాసేవాళ్లున్నారు. నాలుగు రోజులు నిగనిగలాడుతుంది, తర్వాత రబ్బరు ఉబ్బి జిగురుగా అవుతుంది. కిరోసిన్ తుడుపూ వద్దు.

అసలు చేటు దాచే తీరులో ఉంది. డాబా మీది గది ఏప్రిల్, మే నెలల్లో పొయ్యిలా ఉంటుంది, పీవీసీని బిరుసెక్కించేది ఆ వేడే. గొట్టం మడిచి మూటలో కుక్కితే ఆ మడత దగ్గరే రబ్బరు సాగి ఉంటుంది, ఓజోన్ పగులు అక్కడే మొదలవుతుంది. మోటారు, వెల్డింగు మిషను ఉన్న గదిలో ఓజోన్ ఇంకా ఎక్కువ. నిటారుగా నిలిపి, లోపల కాగితం ఉండలు పెట్టి, కింది అంతస్తులో చీకటి మూల ఉంచండి.

హార్బర్ గట్టు

ఆరబెట్టడం కూడా రాయాలి, వైజాగ్ వాన రోజుల్లో లోపలి బట్ట దానంతటది రెండు రోజులకీ ఆరదు. ఇన్‌సోల్ విడిగా తీయండి. న్యూస్‌పేపరు ఉండలు దూర్చి మొదటి పూట రెండు మూడు గంటలకోసారి మార్చండి. తర్వాత రెండు కర్రలకు బోర్లించి, కింద సందు ఉండేలా, టేబుల్ ఫ్యాను పెట్టండి. పొయ్యి పక్కన, ఎండలో మాత్రం పెట్టకండి, అతుకుల జిగురు వదిలేస్తుంది. వాసన వస్తే తేలిక సబ్బునీళ్లతో లోపల కడిగి, ఆరాక రెండు చెంచాల వంటసోడా చల్లి రాత్రంతా వదిలి దులపండి. రోజూ పని ఉంటే రెండు జతలు మార్చి వాడడం ఒక్కటే దారి.

తొడిగే ముందు బోర్లించి నేలకు కొట్టండి. తేళ్లకు అదే ఇష్టమైన ఇల్లు.

ఆనందపురం తోట

చాలా ఉపయోగం. పీవీసీ జత తెల్ల గీత పరీక్షలోనే ఫెయిలు. అతుకు సంగతి ఎవరైనా?

రబ్బరు పని

ముందు చిల్లి ఎక్కడో చూడాలి. బూటులో సగం దాకా నీళ్లు పోసి, పొడి న్యూస్‌పేపరు మీద అరగంట నిలబెట్టండి. చెమ్మ ఎక్కడ తేలితే అక్కడ సున్నంతో గుర్తు పెట్టి, బాగా ఆరనివ్వండి.

రబ్బరు బూటుకైతే సైకిల్ పంచరు సొల్యూషనే చాలు. 100 నంబరు సాండ్‌పేపరుతో గరుకు చేసి, దుమ్ము తుడిచి, చిల్లికి చుట్టూ రెండు సెంటీమీటర్లు ఎక్కువ ఉండేలా గుండ్రని ముక్క కోయండి. మూల ఉంటే అక్కడే లేస్తుంది. రెండు వైపులా పల్చగా రాసి ఐదు నుంచి పది నిమిషాలు ఆగండి. వేలికి అంటకుండా అయ్యాక మధ్య నుంచి అంచుకు నొక్కుతూ అతికించి, బరువు పెట్టి 24 గంటలు వదిలేయండి. తడిగా ఉండగానే అతికించడం వల్లే ఎక్కువ అతుకులు ఊడతాయి.

పీవీసీకి ఆ సొల్యూషన్ సరిగా పట్టదు, పట్టినా ప్లాస్టిసైజరు దాన్ని మెత్తబరిచి వదిలిస్తుంది. పైపులకు వాడే సాల్వెంట్ సిమెంటు పట్టుకుంటుంది గానీ ఆరాక గాజులా గట్టిపడుతుంది, వంగే చోట పనికిరాదు. మెత్తని పీవీసీ షీటుకు వాడే జిగురు, అదే రకం షీటు ముక్క కావాలి. పగులు రెండు చివర్లా రెండు మిల్లీమీటర్ల రంధ్రం డ్రిల్లు చేస్తే ముందుకు పాకదు. కానీ మీ పగులు వేళ్లు మడిచే చోట ఉందన్నారు, అడుగు వేసినప్పుడల్లా వంగే చోట. అక్కడ ఏ అతుకూ ఎక్కువ కాలం నిలవదు. బ్లేడుతో గొట్టం చీలమండ కిందికి కోసేసి, పొడి రోజుల్లో పాక దాకా వెళ్లొచ్చే చెప్పుల్లా వాడుకోండి.